మట్టి కోట, మా నాన్న

మా నాన్న పాలమూరులో నలభై ఏళ్లు చెరువు కట్టలు పోసిన మనిషి. ఐర్లండ్‌లో, అత్లోన్ ఊళ్లో ఉన్న మా ఇంటికి మూడు నెలలకని వచ్చి, పదో రోజుకే సోఫా మీద కూర్చోలేక విసిగిపోయాడు. పొద్దున లేస్తే ఒకటే పాట.

"ఈడ నాకేం పనున్నది బిడ్డా? టికెట్ ముందుకు జరుపు, జెల్ది ఇంటికి పోత."

ఆయన కోసమే నర్సు డ్యూటీల్లో సెలవులు పోగేసుకున్నదాన్ని. ఆ మాట వింటే కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఆ ఆదివారం కోట చూపిస్తానని ఆశపెట్టి కారెక్కించాను. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ దేశం మీదికి దండెత్తి వచ్చిన నార్మన్ల తొలినాటి కోట అని చదివానే గానీ ఫోటో చూడలేదు, అదీ నా తెలివి. తీరా వెళ్తే ఒక రైతు పొలంలో గడ్డి పట్టిన పెద్ద మట్టిదిబ్బ, చుట్టూ కందకం. గోడ లేదు, రాయి లేదు.

"వేర్ ఈజ్ ద కాజిల్?" అని ఎనిమిదేళ్ల నా కూతురు ఐరిష్ యాసలో నన్ను నిలదీసింది.

నాన్న బూట్లు విప్పేసి కందకంలోకి దిగాడు. చిటికెడు మట్టి తీసి కళ్లకద్దుకుని, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది మన పనే బిడ్డా. ఈ గుంత తవ్విన మట్టే మోసి మీద పోసిండ్రు. పొర పొరకు తొక్కకుంటే ఇన్నేండ్లు నిలుస్తదా? ఎవరో గాని, పనిమంతులు."

ఇంతలో రైతు వచ్చాడు. తిడతాడేమోనని నాన్న మా ఊళ్లో చెరువు కట్టలు పోసే మనిషని నేనే ముందుగా చెప్పేశాను. రైతు నవ్వి, నీళ్లు నిలిచిన తన గేటు దగ్గరికి తీసుకెళ్లాడు. నాన్న పార అడిగాడు. రైతు తెచ్చిన పార కర్ర మనిషంత పొడుగుంది.

"నడుము వంచకుండనే తవ్వుతరా వీళ్లు?" అని నాన్న పగలబడి నవ్వాడు. వచ్చాక అదే మొదటి నవ్వు. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

అరగంటలో కాలువ తీస్తే నీళ్లు కదిలాయి. రైతు "గ్రాండ్" అని మెచ్చుకుని నాన్న భుజం తట్టి, అలాంటివే ఇంకో రెండు గేట్లు చూపించాడు.

తిరుగు దారిలో నాన్న మోకాళ్ల దాకా బురదతో నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"టికెట్ సంగతి ఏం జేద్దాం నాయినా?" అని నేనే అడిగాను.

"జరపమన్న గదా," అన్నాడు. "ముందుకు గాదు, వెనక్కి."