మామ అడగని ప్రశ్న

మా శ్రీపతి మామకు ఒకటే జబ్బు, ప్రశ్నలడగడం. మనం సిగ్గుపడి మింగేసే ప్రశ్నని ఆయన నలుగురి మధ్యా గొంతెత్తి అడుగుతాడు. "అడిగితే ఏం బోతది?" అంటాడు. పోయేది మా పరువు.

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల దగ్గర, అంత మీసమేసుకుని "ముగ్గుల పుస్తకమున్నదా భయ్?" అన్నాడు. చీరల కొట్టుకెళితే "ఫాల్ గీడనే కుడ్తరా?" అని ఆరా. పక్కన నళిని అత్త తల వంచుకుని ఆయన చొక్కా చెయ్యి లాగుతూనే ఉండేది. పాపం, ఆపమంటోంది, ఈయన ఆపితేనా అనుకునేవాళ్ళం. పరాయివాళ్ళ ముందు అత్త నోరు విప్పగా మేమెవరమూ చూడలేదు.

ఇప్పుడు ఆ అత్తకే శుక్లం ఆపరేషన్. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్నది కుడి కన్ను ఒక్కటే, కత్తి పడేది దాని మీదే. నాంపల్లిలోని ఒక ప్రైవేటు కంటి దవాఖానకి తోడుగా నేనూ వెళ్ళాను.

నర్సు అత్త కుడి కనుబొమ్మ మీద గుర్తు పెట్టి, కంట్లో చుక్కల మందు వేసింది. మామ మొదలుపెట్టాడు.

"సిస్టర్, గుర్తు సరైన కంటికే పెట్టిన్రు గదా?"

"అవునంకుల్."

"జర ఇంకోసారి కాగితం జూడున్రి."

చూసింది. చుక్కలు వేసిన ప్రతిసారీ మామ ఆమెను మళ్ళీ కాగితం చూడమన్నాడు.

"నల్లపూసలు తియ్యాల్నా?"

"తియ్యాలి."

"ఆపరేషనైనంక పోపు ఎప్పుడు పెట్టొచ్చు?"

ఎదురుగా తన వంతు కోసం కూర్చున్న వెంకటరత్నమ్మ గారనే పెద్దావిడ, "పోపు మీరు పెడతారేమిటండీ?" అన్నారు. హాలంతా నవ్వింది. అత్త మళ్ళీ చొక్కా లాగింది.

"తలకెప్పుడు పోసుకోవచ్చు?" అన్నాడు మామ. ఆయన నెత్తిన ఒక్క వెంట్రుక లేదు.

"మామా, జర ఊకో," అన్నాను. ఆయన నున్నటి నెత్తి మీద చెమట అప్పుడే చూశాను.

పిలుపొచ్చింది. తోడొచ్చినవాళ్ళు లోపలికి రాకూడదట. పచ్చ టోపీతో అత్త నర్సు వెంట గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. చెయ్యి పక్కకు చాచి చొక్కా కోసం తడిమింది. చొక్కా ఇవతలే ఉండిపోయింది. అత్త వెనక్కి తిరిగి వచ్చేస్తుందని నాకు భయమేసింది. ఈ కన్నూ పోతే అన్న మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు.

"డాక్టర్ సాబ్!" అత్త గొంతు హాలంతా వినపడింది. "నడుమల దగ్గొస్తే ఏం జెయ్యాలె?"

"ముందే చెప్పమ్మా, నేను ఆగుతాను. తల మాత్రం కదపొద్దు," అన్నాడు లోపల్నుంచి డాక్టరు.

"ఔ, మంచిది," అని అత్త లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

మామ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి మొహం విప్పారింది.

"అరే విజయేందర్, గీ ప్రశ్న నాకు జెప్పనే లేదురా!"

"మరి ఆ పోపు? ఆ తలస్నానం?"

"నాకెందుకురా తలస్నానం?" అని నెత్తి నిమురుకున్నాడు. "ఆమెకు అడగనీకి సిగ్గు. నాకు లేదాయె."

నాకు ముగ్గుల పుస్తకం, అప్పుడు అత్త లాగిన చొక్కా చెయ్యి గుర్తొచ్చాయి.

మర్నాడు కట్టు విప్పారు. అత్త గదంతా తేరిపార చూసి, చూపు మామ మీద నిలిపింది.

"ఏమండి, మీ మీసం గింత తెల్లగ ఎప్పుడైంది?" అని అందరి ముందే అడిగేసింది.

మామ నర్సు వైపు తిరిగాడు.

"సిస్టర్, నేను మీసానికి రంగేస్తే ఈమె కంటికేమన్న అయితదా?"

అత్త చొక్కా లాగలేదు. ఈ ప్రశ్న మాత్రం మామ సొంతం.