వెన్న అమ్మిన ఆడవాళ్ళ పేజీ

షాపు నడిపే చాచా చెయ్యి కాగితాలు కోసే కట్టర్ కింద పడితే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "పని ఎక్కువగా ఉంది" అని మాత్రమే ఉంది.

నన్ను చూసినవాళ్ళెవరూ దీన్ని నమ్మరు. గల్ఫ్ దేశంలో, అల్ ఖౌద్‌లో యూనివర్సిటీకి దగ్గరగా ఉన్న ఒక జిరాక్స్ షాపులో పని చేస్తాను. "ఎన్ని కాపీలు?" అని నేను అడిగితే స్టూడెంట్లు చెవి ముందుకు పెట్టి మళ్ళీ అడిగించుకుంటారు. ఇంట్లో అక్క "నోరిప్పితే ముత్యాలు రాల్తయా నీకు?" అంటుంది. బావ డ్యూటీ నుంచి వచ్చి టీవీ పెట్టుకుంటే నేను ఇంట్లో ఉన్నానో లేనో కూడా ఆయనకు తెలియదు.

చాచాది నిజామాబాద్. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతాడు. నన్ను బేటీ అంటాడు. మంచివాడే. ఆ మంచితనం మీదే నా కోపమంతా.

మొదలైంది ఒక అట్టపెట్టెతో. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్న ఒకావిడ పాత పుస్తకాలు తెచ్చి, చిత్తుకాగితాల్లో వేసెయ్యండని ఇచ్చి వెళ్ళింది. అందులో నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంది. ఇంగ్లండులో ఏదో మూల ఉన్న చిన్న అంగడి ఊరి చరిత్ర అది. మా జగిత్యాల వైపు వారానికోసారి జరిగే సంతను అంగడి అంటాం; ఆ ఊరు కూడా అలాంటి అంగడి చుట్టూ పెరిగిన ఊరే. ఊరివాళ్ళే రాసి, ఊరివాళ్ళే అచ్చు వేసుకున్న పుస్తకం. ఎవరూ అడగరు కదా అని ఇంటికి తెచ్చుకుని చదివాను. వెంటనే మళ్ళీ మొదటి నుంచి చదివాను.

తర్వాత, ఎవరైనా రాయగలిగిన ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరి పేజీ తెరిచి చూశాను. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఏ హోటల్లో బీరు బాగుంటుందో రాసి ఉంది. అంగడి గురించి నాలుగు ముక్కలు. నాకు చిరాకేసింది. షాపులో పని లేనప్పుడు మూల కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వాక్యం సరిచేయడం మొదలుపెట్టాను. అక్కడ పద్ధతి నాకు నచ్చింది. నీకు తెలిసింది రాయకూడదు. అచ్చులో ఉన్నది రాయాలి, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కింద చూపించాలి. గట్టిగా మాట్లాడనక్కరలేదు. పేజీ నంబరు చూపిస్తే చాలు.

ఊరి నడుమ రాతి మెట్లున్నాయి. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు బుట్టల్లో వెన్నా గుడ్లూ పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుని అమ్ముకునేవాళ్ళట. ఊరి పెద్దలు పక్కనే ఒక హాలు కట్టి, ఇకమీదట అందులోనే అమ్మాలి, బుట్టకింత రుసుం కట్టాలి అన్నారు. ఆడవాళ్ళు పోలేదు. మెట్ల మీదే కూర్చున్నారు. జరిమానాలు వేశారు, బుట్టలు లాక్కున్నారు. కొందరు ఆ ఊరి అంగడికి రావడమే మానేశారు. ఇదంతా నీలం పుస్తకంలో ఒక్క పేజీ. నేను దాన్ని ఒక పేరాగా రాశాను. ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరా అదే.

వ్యాసం ఒక స్థాయికి వచ్చిందనుకున్నాక సమీక్షకు పెట్టాను. వ్యాసం రాయని మనిషి ఇంకొకరు వచ్చి వాక్యం వాక్యం చదివి, తప్పులు చెప్పి, సరిచేయించి, అప్పుడు దానికి మంచి వ్యాసమని ముద్ర వేస్తారు. వచ్చినాయన రిటైరైన మనిషి. ఆ ఊరి పక్కనే పుట్టి పెరిగానని తన పరిచయంలో రాసుకున్నాడు. చాలా మర్యాదగా రాసేవాడు. కామాలు సరిచేశాడు, రైలు స్టేషన్ సంగతి సరిచేశాడు. వెన్న ఆడవాళ్ళ దగ్గర ఆగాడు.

"ఈ పేరా తీసేయడం మంచిది. ఆడవాళ్ళు వానకు తడవకూడదన్న దయతో ఆ హాలు కట్టారని మా వైపు అందరికీ తెలుసు. ఊరి పర్యాటక వెబ్‌సైటులో కూడా అదే ఉంది," అని రాశాడు.

దయ. ఆ మాట చదివి కుర్చీలోంచి లేచి వెళ్ళి, ఖాళీగా ఉన్న ప్రింటర్లో కాగితాలు నింపాను.

మా ఊరి అంగడిలో మా చిన్నమ్మ దోసకాయలు, బీరకాయలు అమ్మేది. అక్కడ రేకుల షెడ్డు కట్టినప్పుడు, ఇది మీ కోసమే అని బ్యానర్ కట్టారు. షట్టర్లున్న దుకాణాలు ఎవరెవరికో వచ్చాయి. చిన్నమ్మకు మురికినీళ్ళ మోరీ పక్కన జాగా వచ్చింది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఎక్కడా రాయడానికి వీల్లేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని కూడా నేను అనడం లేదు. ఆ పద్ధతి ప్రకారం అది నా సొంత అభిప్రాయం అవుతుంది. కానీ కోపానికి పేజీ నంబరు అక్కరలేదు కదా.

ఆయన చెప్పిన వెబ్‌సైటు తెరిచి చూశాను. దయ గురించిన వాక్యం ఉంది. దాని కింద వాక్యం గడియార స్తంభం గురించి. దాన్ని మళ్ళీ చదివాను. ఆ వాక్యం నాది. గడియారం ఎప్పుడూ వెనకబడి నడిచేదనీ, ఊరివాళ్ళు దానికే అలవాటు పడ్డారనీ నేను ఈ కుర్చీలో కూర్చుని రాసిన వాక్యం, ఒక్క మాట మారకుండా అక్కడుంది. వెబ్‌సైటువాళ్ళు మా పేజీనే ఎత్తి పెట్టుకున్నారు. మా పేజీలో పాత మార్పులన్నీ వెతికాను. దయ వాక్యం ఎవరో పేరు లేని మనిషి, ఏ ఆధారమూ చూపకుండా ఎప్పుడో చేర్చింది; నేను నా పేరా రాసినప్పుడు పాత ముక్కలతో పాటు పోయింది. అది ఇక్కడి నుంచి అక్కడికి పోయి, ఇప్పుడు సాక్ష్యమై వెనక్కి వచ్చి నా ముందు నిలబడింది. నా వాక్యం పక్కనే నిలబడి, నన్నే తప్పంటోంది.

అదంతా ఆయనకు రాశాను. ఒప్పుకోలేదు, కాదనలేదు. "అలాగైతే రెండు మాటలూ పెడదాం. దయతో కట్టారని కొందరు, బలవంతంగా పంపారని కొందరు అంటారని రాద్దాం. లేదా ఆ పుస్తకం పేజీని నంబరు కనపడేలా ఫోటో తీసి చూపించండి. నాకు అందుబాటులో ఉన్న లైబ్రరీలో ఆ పుస్తకం లేదు. వారం ఆగుతాను," అన్నాడు.

కొందరు, కొందరు. బుట్టలు లాక్కున్నవాళ్ళు కొందరు, బుట్టలు పోయినవాళ్ళు కొందరు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అక్క "కడుపు నొస్తుందా?" అని అడిగింది. అవునన్నాను.

మర్నాడు పుస్తకం షాపుకు తెచ్చాను. ఫోనుతో తీస్తుంటే పుస్తకం మూసుకుపోతోంది, నీడ పడుతోంది. నా అవస్థ చాచా చూశాడు.

"ఏం జేస్తున్నవ్ బేటీ? గట్ల పట్టుకుంటె కితాబు ఇరుగుతది. ఎన్ని పేజీలు గావాలె?"

"ఒక్కటే చాచా."

"ఒక్క పేజీకి ఇంత పరేషానా! ఉండనియ్, నేన్ జూస్త."

అంతలో యూనివర్సిటీ గేటు దగ్గర ఒక రిపోర్టు ఇచ్చి రమ్మన్నాడు. ఎండలో వెళ్ళి వచ్చాను. తలుపు తీసేసరికి స్కానర్ గరగరా కాగితాలు మింగుతోంది. కౌంటర్ మీద నీలం అట్ట ఒక్కటే ఉంది, చర్మం ఒలిచినట్టు.

మా షాపులో లావు పుస్తకం ఏదొచ్చినా చేసేది ఇదే. పెద్ద కట్టర్ కింద పెట్టి వీపు కోసేస్తే కాగితాలు విడిపోతాయి. వాటిని స్కానర్లో పెడితే దానంతటదే లాక్కుంటుంది. స్టూడెంట్లు మళ్ళీ చదవబోని పుస్తకాలకు పరవాలేదు. చాచా అంతటితో ఆగలేదు.

"కిందికెల్లి అంచులు పసుపుపచ్చగైనయ్ బేటీ. కోసి సాఫ్ జేసిన. ఇప్పుడు జూడు, కొత్త పెండ్లికూతురు లెక్కుంది. పురా కితాబు స్కాన్ జేసిన. స్పైరల్ గూడ ఏస్త, పైసలొద్దు."

కింది అంచులు. పేజీ నంబర్లు ఉన్నది అక్కడే. వెతికి చూస్తే వెన్న ఆడవాళ్ళ పేజీలో చివరి వరస అక్షరాలు కూడా సగానికి తెగిపోయి ఉన్నాయి. ఆ క్షణంలోనే, మొదట చెప్పిన ఆ మాట అనుకున్నాను. కట్టర్ పిడి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"నన్నడగాలె గదా," అన్నాను.

"హా?" అన్నాడు చాచా, వినపడక.

"నన్నొక్క మాట అడగాలె గదా చాచా! నాకు గా నంబరే గావాలె. నంబరు లేకపోతె పేజీ ఉండి ఏం ఫాయిద?"

షాపులో ఉన్న ఇద్దరు స్టూడెంట్లు తలలు తిప్పి చూశారు. చాచా నవ్వు ముఖం మీద అలాగే ఆగిపోయింది. "నీ కోసమే జేసిన బేటీ," అన్నాడు మెల్లగా. ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది.

"కోసిన ముక్కలు యాడ?"

చాచా కోసిన తెల్ల ముక్కలు ఎప్పుడూ పారేయడు. డబ్బాలో వేసుకుంటాడు. ఎవరి పని వచ్చినా ఒక ముక్క తీసి, పేరూ కాపీలూ రాసి, ఆ కాగితాలకు క్లిప్పు పెడతాడు. డబ్బా బోర్లించాను. నీలం పుస్తకం ముక్కలు చాలానే దొరికాయి, పసుపురంగు అంచుతో, నడుమ చిన్న నంబరుతో. ఒక్కొక్కటీ తెచ్చి ఆ పేజీ కింద ఆనించి చూశాను. దేనికీ తెగిన అక్షరాలు కలవలేదు. ఇక మిగిలింది తయారై అరలో పెట్టిన పనులు. ఒక్కో కట్ట తీసి క్లిప్పు చూడడం మొదలుపెట్టాను.

అప్పుడే కౌంటర్ దగ్గర నల్ల అబాయాలో ఉన్న అమ్మాయి చాచాకు డబ్బిచ్చి, తన రిపోర్టు సంచిలో పెట్టుకుంటోంది. పైన క్లిప్పులో పసుపు అంచు ముక్క.

"స్టాప్!" అన్నాను. అరిచాననే చెప్పాలి. "దట్ పేపర్ ఈజ్ మైన్."

ఆ అమ్మాయి రిపోర్టును గుండెకు హత్తుకుంది. "నో, ఇట్స్ మై ప్రాజెక్ట్!"

"నాట్ ప్రాజెక్ట్. స్మాల్ పేపర్. ప్లీజ్." చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. ఆమె నన్నూ ముక్కనూ మార్చి మార్చి చూసింది. నేను పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. క్లిప్పు తీసి ఇచ్చేసింది. "ఖలాస్, సిస్టర్, ఖలాస్. టేక్."

ముక్కకు ఒక వైపు నంబరు ఉంది. దానికి పైన తెగిన అక్షరాల కాళ్ళు. ఇంకో వైపు చాచా పెద్ద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసిన "కలర్, మూడు కాపీలు". పేజీ కింద ఆనించాను. అక్షరాలు కలిశాయి. చివరి వరస పూర్తయింది. వెన్న అమ్మే ఒక ఆడమనిషి, రుసుం కట్టనన్నందుకు, తన సరుకంతా బురదలో పోగొట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిందని ఉంది ఆ వరసలో.

ఫోటో తీసి సమీక్ష చేసే ఆయనకు పంపాను. ఏమైందో వివరించలేదు. పేజీ ఎందుకు తెగిందని ఆయన అడిగాడు. "అడగకుండా కోశారు," అని మాత్రం రాశాను.

ఒక రోజు జవాబు రాలేదు. తర్వాత దయ మాటను ఆయనే వెనక్కి తీసుకున్నాడు. నా పేరా ఉంచాడు. వ్యాసం పాసైంది. చివర "చిన్న విషయమే అయినా తేలినందుకు సంతోషం, చర్చ హాయిగా సాగింది" అని రాశాడు. చిన్న విషయం! హాయిగా! జవాబుగా పెద్ద ఉత్తరమే టైపు చేశాను, పంపకుండా చెరిపేశాను. వెబ్‌సైటువాళ్ళకు మాత్రం ఆ దయ వాక్యం తప్పని రాసి పంపాను. వాళ్ళు జవాబివ్వలేదు. అక్కడ ఆ ఊరి పెద్దలు ఈ రోజుకీ దయగలవాళ్ళే. నా గడియారం వాక్యం ఈ రోజుకీ వాళ్ళ పక్కనే ఉంది.

చాచాతో కొన్నాళ్ళు పని మాటలే మాట్లాడాను. ఆయన స్పైరల్ వేసి, నీలం అట్టను పైన ప్లాస్టిక్ కింద పెట్టి, పుస్తకం నా కంప్యూటర్ పక్కన ఉంచాడు. నేను ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు రెండు కరక్ చాయ్‌లు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ పేజీల ఏముండె బేటీ? అంత గుస్సా అయినవ్."

చెప్పాను. మెట్లు, బుట్టలు, వెన్న, హాలు, రుసుం, జరిమానా. వాళ్ళ కోసమే దయతో కట్టించామని చెప్పుకోవడం. ఇంత పొడుగ్గా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. చాచా ఒక్కసారి కూడా "హా?" అనలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కట్టర్ వైపు చూస్తూ విన్నాడు. నేను ఆపాక గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్లను గూడ అడగకుంటనే కట్టిండ్రా బేటీ?" అన్నాడు.