వెనక రెక్క ఒక్కటే

పోయిన వారం కృష్ణగిరి నుంచి హోసూరుకు మా చిన్నాన్న కొడుకు కారులో వస్తున్నాను. కుందారపల్లి దాటాక రోడ్డు తిన్నగా సాగేచోట తమ్ముడు కాస్త వేగం పెంచాడు. పైన సామాన్ల కోసం బిగించిన ఇనుప చట్రం నుంచి సన్నగా ఈల మొదలైంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఈల పదునెక్కింది. వెనక కూర్చున్న పిల్లలు దాన్ని అనుకరిస్తూ నవ్వుకున్నారు. తమ్ముడు పాట గట్టిగా పెట్టాడు. నేను మాత్రం కళ్లు మూసుకుని ఆ ఈల ఎంత వేగం దగ్గర పుట్టింది, ఏ పక్కనుంచి వస్తోంది అని వెతుకుతూ కూర్చున్నాను. పొద్దున్నుంచీ పనిచేసి నడుము విరిగినట్టుంది. ఇల్లు చేరేదాకా ఏమీ ఆలోచించకూడదనే బయలుదేరాను. అయినా చెవి ఊరుకోదు. దానికి గాలిని వినడం నేర్పినవాడు మునెప్పన్న.

మునెప్పన్న పేరు మీరు విని ఉండరు. హోసూరులో తళి రోడ్డు మీద ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. ఊరు జవళగిరి. వయసులో ఉండగా బస్సుల బాడీలు కట్టేచోట ఫైబర్ సీట్లూ, డాష్‌బోర్డులూ పోసేవాడు. తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాడు. బెంగుళూరు నుంచి వేగంగా పోయే రెండు తలుపుల కార్లు వేసుకుని కుర్రాళ్లు రావడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లు ఫోన్లో చూపించిన బొమ్మల్ని చూసి అలాంటి ముక్కలు పోయడం నేర్చుకున్నాడు. ముందు బంపరు కింద నేలకు దగ్గరగా పలకలా ముందుకు పొడుచుకొచ్చే స్ప్లిటర్, తలుపుల కింద అంచులు, డిక్కీ మీద నిలబెట్టే రెక్క. ఇవన్నీ అందానికి కాదు, గాలి కారును నేలకు అదిమి పట్టడానికి. ఆయనకు సొంత కారు లేదు. పాత మోపెడ్ మీద తిరిగేవాడు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. ఫైబర్ నూగు చర్మంలో దిగితే రెండు రోజులు దురద పోదు.

నాది కెలమంగలం. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. కృష్ణగిరిలో డిప్లొమా చదివి, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మూడేళ్లు కాంట్రాక్టు మీద పనిచేశాను. నాలుగో ఏడు వద్దన్నారు. ఇరవై ఆరేళ్ల వయసులో, ఇంటికి తిరిగి వెళ్లడం ఇష్టంలేక, ఎవరో చెబితే ఆ షెడ్డుకు వెళ్లాను. మునెప్పన్న నా కాగితాలు చూడలేదు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఒక నల్ల కారు దగ్గరికి తీసుకెళ్లి, ఏం కనబడుతోందని అడిగాడు. దుమ్మే కనబడుతోందన్నాను.

"యాడ ఎక్కువ ఉండాది, యాడ తక్కువ ఉండాది, అది చూడమ్మా," అన్నాడు.

అరగంట ఆ కారు చుట్టూ తిరిగాను. పైకప్పు మీద పలచగా ఉంది. వెనక అద్దం కింద, డిక్కీ చివర మందంగా పేరుకుని ఉంది. గాలి సాఫీగా జారిపోయే చోట దుమ్ము నిలవదనీ, గాలి తెగి సుడి తిరిగే చోట కూర్చుంటుందనీ ఆయన అప్పుడు చెప్పాడు. అందుకే వచ్చే ప్రతి కుర్రాడికీ, కారు కడగకుండా నాలుగు రోజులు తిరిగి అలాగే తీసుకురమ్మనేవాడు. మెరిసే కారుతో వచ్చినవాళ్లకు అది కోపం తెప్పించేది. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

ముక్కలు ఎంచుకోవడంలో ఆయన పద్ధతి వేరు. ఏ ముక్క కావాలని అడిగేవాడు కాదు. ఎక్కడ నడుపుతావు, ఇంటి దగ్గర స్పీడు బ్రేకర్లు ఎన్ని, పక్కన ఎవరు కూర్చుంటారు అని అడిగేవాడు. సగం మందిని డిక్కీ అంచున చిన్న పెదవి లాంటి ముక్క అంటించి పంపేసేవాడు. స్ప్లిటర్ బిగించాక దాని మీద తనే ఎక్కి నిలబడేవాడు. అరవై అయిదు కిలోల మనిషి నిలబడితే వంగింది గాలికి వంగదా అని ఆయన వాదన. వంగితే విప్పి మళ్లీ మొదటినుంచి. నేను విసుక్కునేదాన్ని. అప్పటికే చేతులు దురదలు, వేళ్ల సందుల్లో ఫైబర్‌ను గట్టిపరిచే రెజిన్ జిగురు వాసన. కానీ రెండో ఏడు వచ్చేసరికి నా పని చూసి ఆయన చేత్తో తడిమి ఏమీ అనకుండా వెళ్లిపోవడం మొదలైంది. అదే మెచ్చుకోలు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేవాడు. ముందు ముక్క లేకుండా వెనక పెద్ద రెక్క బిగించకూడదు. ఎందుకని అడిగితే మోపెడ్ దగ్గరికి తీసుకెళ్లాడు. వెనక క్యారియరు కొసన తాను బరువుగా కూర్చుని, నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. ముందు చక్రం నేలను తాకీ తాకకుండా ఉంది. హ్యాండిల్ వేలితో తిప్పినట్టు తిరిగింది.

"చక్రం తిరిగింది. బండి తిరుగుతాదా?" అన్నాడు.

అంత వివరంగా చూపించాడు. అందుకే, తెలియక చేశానని నేను ఎప్పుడూ అనుకోలేకపోయాను.

ప్రదీప్ హోసూరు బజారులో పచారీ హోల్‌సేల్ నడిపే కోమటి కుటుంబంలోవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. సెకండ్ హ్యాండులో కొన్న ఎర్ర కారును చెన్నై దగ్గరి రేసు ట్రాకుకు తీసుకెళ్లి, అందరికీ తెరిచే రోజుల్లో తిప్పేవాడు. షెడ్డు గుమ్మం పైన మునెప్పన్న ఒక పెద్ద రెక్కను వేలాడదీసి ఉంచాడు. ప్రదీప్ వచ్చినప్పుడల్లా దాని కిందే నిలబడి మాట్లాడేవాడు. ముందు స్ప్లిటర్ పోశాక రెండూ కలిపి బిగిస్తానని మునెప్పన్న ఒప్పుకున్నాడు. స్ప్లిటర్ మోల్డు ఆరడానికి ఇంకా పది రోజులు పడుతుంది. అంతలో జవళగిరిలో వాళ్ల అన్న రాగి చేనులో ఏనుగులు దిగి తొక్కేశాయని కబురొస్తే, ఆయన నాలుగు రోజులు ఊరికి వెళ్లాడు.

రెండో రోజు ప్రదీప్ వచ్చాడు. ఆదివారం ట్రాకు రోజని, మళ్లీ మూడు నెలలదాకా లేదని, రెక్క ఒక్కటైనా బిగించమని బతిమాలాడు. నేను కాదన్నాను. అతను టీ తెప్పించి అక్కడే కూర్చున్నాడు. నాకు మునెప్పన్న కంటే బాగా వచ్చని బెంగుళూరు వాళ్లు అంటున్నారని చెప్పాడు. ఆ మాట చాలా తేలిగ్గా లోపలికి దిగింది. నా చేత్తో మొదటి నుంచీ చివరిదాకా ఒక పని చేసి ఆయనకు చూపించాలని ఉండేది. గుమ్మం మీది రెక్కను దింపాను. డిక్కీ రేకు ఊరికే చిరగకుండా కింద గట్టి పట్టీలు వేసి, లోపలి చట్రానికి బిగించాను. చివర్లో ప్రదీప్ రెక్కను ఇంకొంచెం ఏటవాలు చేయమన్నాడు. అదీ చేశాను. సాయంత్రానికి పని పూర్తయింది. చాలా అందంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పొడుగాటి రోడ్డు చివర మలుపులో ప్రదీప్ స్టీరింగు తిప్పాడు, కారు తిరగలేదు. తిన్నగా పోయి టైర్ల గోడకు కొట్టుకుంది. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఊరినుంచి వచ్చిన మునెప్పన్నకు నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నుజ్జయిన కారును హోసూరు తెచ్చాక ఆయన వెళ్లి చూశాడు. వెనక రెక్కను పట్టుకుని ఊపి చూశాడు. అది కదల్లేదు. "ఒక్క బోల్టు కూడా సడల్లేదు," అన్నాడు. ఆయన నోటివెంట నా పని గురించి వచ్చిన మొదటి మంచి మాట అదే.

ప్రదీప్‌ను హోసూరు ఆసుపత్రికి మార్చాక ఇద్దరం వెళ్లాం. గది బయట వాళ్లమ్మ నిలబడి ఉంది. రెండు రోజులుగా నిద్రలేని ముఖం. ఆ రెక్క బిగించింది ఎవరని అడిగింది.

"నా షెడ్డులో బిగించిందమ్మా. తప్పు నాదే," అన్నాడు మునెప్పన్న.

నేను ఆయన వెనక అడుగు దూరంలో ఉన్నాను. అక్కడే ఉండిపోయాను. ఆమె ఆయన్ను చాలాసేపు తిట్టింది. ఆయన చేతులు ముందు కట్టుకుని విన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఏమైనా అంటాడని ఎదురుచూశాను. రెజిన్ డ్రమ్ము మూత పెట్టి వచ్చావా అని మాత్రం అడిగాడు.

ఆ కబురు ఫోన్లలో పాకింది. బెంగుళూరు కార్లు రావడం ఆగిపోయింది. మునెప్పన్న మళ్లీ నీళ్ల ట్యాంకుల మూతలూ బస్సుల డాష్‌బోర్డులూ పోయడం మొదలుపెట్టాడు. అప్పుడప్పుడు ప్రదీప్ స్నేహితులు వచ్చి నిలదీసేవాళ్లు. ఆయన ప్రతిసారీ అవునప్పా, మా షెడ్డులోదే అనేవాడు. నేను లోపల మోల్డుల అలమర వెనక చేతిలో గరుకు కాగితం పట్టుకుని రుద్దుతూ ఉండేదాన్ని. ఆపితే వాళ్లు ఇటు చూస్తారని భయం. ఇలా నాలుగు నెలలు గడిచాయి. రాత్రి నిద్ర పట్టకపోవడం కంటే, పొద్దున ఆయన ఎప్పటిలాగే తలుపు తీసి నాకు టీ గ్లాసు అందించడం ఎక్కువ కష్టంగా ఉండేది.

అయిదో నెలలో బజారుకు వెళ్లాను. ప్రదీప్ దుకాణంలో ఎత్తు కుర్చీ మీద కూర్చుని, కాలు చింతపండు బస్తా మీద చాపుకుని ఉన్నాడు. వాళ్లమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె వినేటట్టే చెప్పాను, ఆ రెక్క నేనే బిగించానని, మునెప్పన్న ఊళ్లో లేడని. ఆమె నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ప్రదీప్ చేతులతో పట్టుకుని కాలు బస్తా మీంచి దించాడు.

"రెక్క ఒక్కటే వద్దని ఆయన నాకు మూడుసార్లు చెప్పినాడక్కా. ఆయన ఊరికి పోయినాడని తెలిసే నేను వచ్చినాను," అన్నాడు. ఆ మాట అతను కూడా ఇంట్లో ఎవరికీ చెప్పలేదని వాళ్లమ్మ ముఖం చూస్తే తెలిసింది.

షెడ్డుకు తిరిగి వచ్చి మునెప్పన్నకు చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆ రోజు ఆసుపత్రిలో ఎందుకు మీద వేసుకున్నారని అడిగాను. ఆయన వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు వాళ్లు నిన్ను పట్టుకోనుంటే నువ్వు ఇంగ పానా ముట్టవు. అందుకే చెప్పినాను. ఆ రెక్కను గుమ్మానికి తగిలించింది కూడా నేనే గదా," అన్నాడు. తర్వాత తువ్వాలు తీగ మీద ఆరేస్తూ, నా వైపు చూడకుండా, "అయితే నువ్వు చెప్తావేమోనని దినామూ చూసినానమ్మా," అన్నాడు.

నాలుగు నెలలు. ప్రతి రోజూ. నేను అలమర వెనక ఉన్నానని ఆయనకు తెలుసు.

ఏడాదిన్నర తర్వాత ప్రదీప్ కారు బాగుచేయించుకుని వచ్చాడు. కొద్దిగా కుంటుతున్నాడు. ఈసారి ముందు స్ప్లిటర్ నేను పోశాను. మునెప్పన్న దానిమీద ఎక్కి నిలబడ్డాడు. అప్పటికే ఆయనకు ఆయాసం, నా భుజం పట్టుకుని ఎక్కాడు. వెనక చిన్న రెక్క పెట్టాం. తర్వాత గాలి పోకడ కంటికి కనబడేలా కారంతా బెత్తెడు పొడుగు ఊలు దారాలు టేపుతో అంటించి, తెల్లవారగానే కుందారపల్లి వైపు తీసుకెళ్లాం. ప్రదీప్ మామూలు వేగంలోనే నడిపాడు. మేము పక్కన ఇంకో కారులో వెళ్తూ చూశాం. దారాలన్నీ దువ్వినట్టు వెనక్కి పడుకున్నాయి. రెక్క చివర రెండు మాత్రం గిలగిలలాడాయి. రోడ్డు పక్కన ఆపి రెక్కను దాని కాళ్లలో ఒక బోల్టు రంధ్రం కిందికి దించాం. మళ్లీ చూస్తే అవీ సర్దుకున్నాయి. ప్రదీప్ దిగి, ఇప్పుడు ముందూ వెనకా ఒకేలా కూర్చుందని చెప్పాడు. మునెప్పన్న తలూపి, ఆకలేస్తోంది, ఎక్కడైనా ఇడ్లీ తిందామన్నాడు.

నాకు ఎప్పుడూ ముక్కుకు మాస్కు కట్టించి, తాను కట్టుకోని మనిషి. ముప్పై ఏళ్ల దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉందని డాక్టరు చెప్పాడు. షెడ్డు నాకు అప్పజెప్పి జవళగిరి వెళ్లిపోయాడు. నాలుగేళ్ల క్రితం అక్కడే పోయాడు.

షెడ్డు ఇంకా నడుస్తోంది. నాకు అలసటగా ఉంటోంది. వచ్చే కుర్రాళ్లు మారలేదు, ఫోన్లో బొమ్మలు మారాయి. ముందేమీ వద్దు, వెనక రెక్క ఒక్కటే బిగించమంటారు. నేను కాదంటే ఇంకో చోట బిగించుకుంటారని నాకు తెలుసు. నా కాదనడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో తెలుసుకునే దారి లేదు. అయినా ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి ప్రదీప్ కారు సంగతి చెబుతాను. ఎన్నిసార్లు చెప్పానో, చెప్పి చెప్పి విసుగొచ్చింది. వినే కుర్రాడు మధ్యలో ఎప్పుడో, ఎవరు బిగించారు మేడం, మీ గురువుగారా అని అడుగుతాడు.

"కాదప్పా. నేనే బిగించినాను," అంటాను.