శెట్టెమ్మ వ్యాను తలుపు

ఆ రోజుల్లో భయపడటానికి నాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. కరెంటు పోతే భయం, వస్తే ఇంకా భయం (సేవ్ చేయని బొమ్మ గతి ఏమైందోనని). కడపలో వీధి వీధికీ కంప్యూటర్ సెంటర్లు లేస్తున్న కాలం. కోర్సు అయిపోగానే ఒక స్టిక్కర్ల షాపులో చేరాను. ఫ్యాను కింద కూర్చుని మౌసు తిప్పుకోవచ్చని నా ఊహ. షాపు యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన మొదటి రోజే నా ఊహ మీద నీళ్లు చల్లాడు. "చూడు బేటీ, ఈడ ఒకటే పద్ధతి. కంప్యూటర్లో గీసిన చెయ్యే బండి మీద అతికించల్ల. గీసేటోళ్లు ఒకరు, అతికించేటోళ్లు ఒకరైతే, తప్పు ఎవురిదని నేను యాడ తన్నుకులాడేది?" అన్నాడు. మాధవరంలో మాది మగ్గం ఇల్లు. నాయన అప్పటికే ఖరాకండిగా చెప్పి పంపించాడు: "నేర్చుకుంటే నేర్చుకో. నీతో కాదన్నారంటే మటుకు మల్లా ఆ మాట ఎత్తగూడదు. ఇంటికొచ్చి కండెలు చుట్టుకో." కండెలు చుట్టడం నాకు తెలియని పనేం కాదు, దాని మీద చులకనా లేదు. కానీ ఆ షాపులో సబ్బునీళ్ల వాసనతో సహా అన్నీ నాకు ప్రాణమైపోయాయి. అక్కడినుంచి వెళ్లిపోవాలంటే ఏడుపొచ్చేది.

చెయ్యి తిరగడానికని భాయ్ నన్ను ముందు వాళ్లింటి ఇనుప బీరువా మీదికి తోలాడు. సబ్బునీళ్లు చల్లాలి, స్టిక్కరు పరవాలి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ ముక్కతో మధ్యలోంచి అంచులకు నీళ్లు తోలాలి, వంపుల దగ్గర వేడిగాలి మిషను పట్టాలి. చెప్తే ఇంతే. నేను అతికించిన గులాబీ పువ్వును భాయ్ భార్య చూసి, "ఇదేం పువ్వమ్మా, అమ్మవారు పోసినట్టుండాది!" అంది. బుడగలు సూదితో పొడిచి సరిచేయొచ్చు. బ్లేడే నా ప్రాణం తీసేది. "స్టిక్కరు తెగల్ల. కింద రంగుకు ఆ సంగతే తెలీకూడదు" అనేవాడు భాయ్. బ్లేడు పట్టుకోగానే నా చెయ్యి దానంతటదే వణికేది. ఆపుదామని రెండో చెయ్యి వేస్తే అదీ వణికేది.

అలాంటి నా చేతికి వచ్చింది శెట్టెమ్మ వ్యాను. రాజంపేటలో పప్పుల వ్యాపారం వాళ్లది. మనిషి ఇంతే ఉండేది, గొంతు మాత్రం బజారు ఆ చివరికి వినిపించేది. ఒంటిమిట్ట కల్యాణానికి చుట్టాలందరినీ కొత్త వ్యానులో తీసుకుపోవాలని మొక్కుకుంది. "మ్మే పాపా, బండి పక్కంతా స్వామి నిండుగా ఉండల్ల. లచ్చుమన్న, రాములోరు, సీతమ్మ. ఒంటిమిట్టలో ముగ్గుర్నీ ఒకే రాతిలో చెక్కినారు, తెలుసునా? ఇడదీసినావంటే నేనూరుకోను!" అని నా ముక్కు ముందు వేలు ఆడించి వెళ్లింది. భాయ్ నా వైపు తిరిగి, "ఈ బండి బాగొచ్చిందా, పని నీదే. చెడిందా, పెండ్లిపత్రికలు టైపు చేసుకుందువు పో" అన్నాడు. ఆ మాటకు నాకు మూడు పూటలూ అన్నం సయించలేదు.

వ్యాను తలుపులన్నీ వేసి ఫొటో తీశాను. దాని మీద బొమ్మ కుదిర్చాను. ముందు తలుపు మీద లక్ష్మణస్వామి, మధ్యలో పక్కకు జరిగే తలుపు మీద రాములవారు, వెనక రేకు మీద సీతమ్మ. భుజాలు భుజాలు ఆనుకుని ఎంత ముచ్చటగా ఉన్నారో! ప్రింటు బెంగుళూరు నుంచి వచ్చింది. ఎండ ముదిరితే స్టిక్కరు మెత్తబడి సాగుతుందని తెల్లారగానే మొదలుపెట్టాం. అతికించినంతసేపూ బాగానే ఉన్నాను. తలుపు సందు వెంట కోయాల్సి వచ్చేసరికి బ్లేడు సరిగ్గా రాములవారి భుజం పక్కనుంచి దిగాలి. కింద కొత్త రంగు, పైన దేవుడు. "స్వామీ, పొట్టకూటి పని, ఏమనుకోవద్దు" అని కళ్లు మూసుకుని (ఒక కన్నే లెండి) కోసేశాను. ఒక్క గీత పడలేదు. "శభాష్ బేటీ!" అని భాయ్ టీ కూడా తెప్పించాడు. నా జన్మలో అంత తియ్యని టీ తాగలేదు.

కల్యాణం రోజు చుట్టాలతో శెట్టెమ్మ దిగింది. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, హారతి. బొమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా తండ్రే, కదలొచ్చినట్టుండాడే!" అని, ఎక్కడానికి తలుపు పట్టి లాగింది. తలుపు జర్రుమని వెనక్కి జరిగింది. దాంతోపాటు రాములవారు బయల్దేరి పోయి సీతమ్మను కప్పేశారు. లక్ష్మణస్వామి ఒక్కడే ముందు మిగిలాడు. మధ్యలో ఇంత ఖాళీ, అందులో సీట్లు.

శెట్టెమ్మ మెల్లిగా నా వైపు తిరిగింది. "సీతమ్మ యాడమ్మే?"

నేను వేలితో తలుపు వెనక్కి చూపించాను.

"కల్యాణం రోజే మల్లా ఎత్తుకపోయినారా సీతమ్మను?"

భాయ్ తలుపు మూశాడు, సీతమ్మ వచ్చింది. తెరిచాడు, పోయింది. మళ్లీ మూసి, నా ముఖం చూడకుండా గడ్డం గోక్కున్నాడు. ఆ గోక్కోవడంలో నాకు మా ఇంటి కండెలన్నీ కనిపించాయి.

"పీకేస్తామమ్మా" అన్నాడు భాయ్.

"దేవున్ని పీకేసేదేందప్పా, నోరు కడుక్కో!" అని కసిరింది శెట్టెమ్మ. తర్వాత చుట్టాలవైపు తిరిగింది. "ఈ తలుపు ఎవురూ తెరవగూడదు. అందరూ ఎనకనుంచి ఎక్కండి. మ్మే పాపా, నువ్వు రా. ఈ తలుపు పట్టుకోని కూర్చో. దారిలో తెరుచుకునిందో, నిన్ను ఒంటిమిట్ట చెరువులో ఏస్తా!"

పంచెలు ఎగ్గట్టి పెద్దమనుషులు డిక్కీలోంచి పాకుతూ ఎక్కారు. ఒక మామగారు సగంలో ఇరుక్కుంటే ముగ్గురు నెట్టారు. నేను రెండు చేతులతో లోపలి పిడి పట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా కాళ్లు కూడా తలుపుకు తన్నిపెట్టేదాన్ని. ఆ పిడి పట్టుకున్నంత గట్టిగా మా ఆయన చెయ్యి కూడా ఎప్పుడూ పట్టుకోలేదు.

మాధవరం దగ్గర మజ్జిగ తాగడానికి ఆపారు. రోడ్డు పక్క నాయన! బొమ్మ చూసి చేతులు జోడించాడు. తల ఎత్తితే కిటికీలో నేను, ఏడుపు ముఖంతో. "పాపా! నువ్వేంది ఈడ?" అంటూ వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"తీయొద్దప్పా!" వ్యానంతా ఒక్కసారిగా అరిచింది. బిడ్డను ఎత్తుకపోతున్నారనుకుని నాయన ఇంకా గట్టిగా లాగాడు. లోపలినుంచి నేను, బయటినుంచి ఆయన. "నాయనా, ఇడిసిపెట్టు, సీతమ్మ పోతాది!" అని బావురుమన్నాను.

శెట్టెమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి సంగతంతా చెప్పింది. నా తప్పుతో సహా, రోడ్డు రోడ్డంతా వినేటట్టు. పని పోయిందని కళ్లు మూసుకున్నాను. ఎంతకీ తిట్టు వినిపించకపోతే తెరిచి చూశాను. నాయన తలుపు సందు మీద, మగ్గం మీద చీర అంచు చూసే చేత్తో, పైనుంచి కిందికి నిమురుతున్నాడు. "ఈడ కోసింది ఎవురు?" అన్నాడు.

"నేనే, నాయనా."

"అతుకు కనపడ్లేదే" అన్నాడు. మజ్జిగ గ్లాసు కిటికీలోంచి అందించాడు. పిడి వదలకూడదు కదా, ఆయనే తాపించాడు.

షాపులో నా పని ఉండిపోయింది. ఇప్పుడు నాకూ ఒక షాపుంది. ఏ బండి వచ్చినా ముందు తలుపులన్నీ తీసి మూసి చూస్తాను. "మేడమ్ బండి కొంటాండారా, అతికిస్తాండారా?" అని షాపులో పిల్లలు నవ్వుకుంటారు. మొన్న రాజంపేట వెళ్తే శెట్టెమ్మ గోదాము పక్కన ఆ వ్యాను కనిపించింది. చక్రాలకు గాలి లేదు, ఎండకు బొమ్మ వెలిసిపోయింది. "ఆ తలుపు తుప్పు పట్టి బిగుసుకపోయిందిలేమ్మా, ఇంక ఎవురు లాగినా రాదు" అన్నాడు శెట్టెమ్మ కొడుకు. నిశ్చింతగా నవ్వాను. అయినా వచ్చేముందు, ఎవరూ చూడకుండా, ఆ తలుపును ఒకసారి లోపలికి నొక్కి మరీ వచ్చాను.