నూనెలో చిక్కిన గాలి

మేస్త్రి గారు పోయారన్న కబురు మాకు పడవ మీద వచ్చింది. ఆత్రేయపురం వైపు నుంచి బియ్యం వేసుకొస్తున్న పడవ లాకులోకి, రెండు తలుపుల నడుమ నీటిగదిలోకి దూరుతుండగా, సరంగు గడ పక్కన పెట్టి, "మీ పెద్ద మేస్త్రి గారు పోయారండీ. జ్వరమంట. నిన్ననే సమాధి చేసేశారు" అన్నాడు. నేను గట్టు మీద ఉన్నాను. మా తమ్ముడు తలుపు తోసే దూలం దగ్గర ఉన్నాడు. వాడు పడవ వెనక తలుపు మూశాడు. లాకులో పడవ ఉండగా పని ఆపకూడదు.

ఈ కాలువ మీద ప్రయాణం చేసినవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. పొట్టి మనిషి. చెవి మీద సగం కాలిన చుట్ట. ఎప్పుడూ లాకు గోతిలోకి దిగుతూనో, బురదతో పైకి వస్తూనో కనిపించేవారు. ధవళేశ్వరంలో పని నేర్చుకున్నారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు వెళ్లినా గోళ్ల సందుల్లో నల్లనూనె అలాగే ఉండేది. పని బాగుంటే "ఊఁ" అనేవారు. బాగులేకపోతే ఆ ఊఁ కూడా ఉండేది కాదు.

వేసవిలో కాలువ కట్టేసినప్పుడు, లాకుకు ఎగువన మట్టికట్ట అడ్డం వేసి, తలుపులకు మరమ్మతు చేసేవాళ్లం. తలుపు తిరగడానికి అడుగున ఒక ఇనుప కుదురు ఉంటుంది. అది అరిగితే, తలుపును నూనె జాకీ మీద జానెడు ఎత్తి, ఆ సందులో చెయ్యి పెట్టి పాత కుదురు తీసి కొత్తది అమర్చాలి. జాకీ అంటే ఒక ఇనుప బుడ్డి. పిడి కొడుతుంటే లోపలి నూనె పైకి తన్ని బరువును లేపుతుంది. ఆ నూనెలో గాలి చిక్కిందా, ఇక దాన్ని నమ్మడానికి లేదు. "నూనె నలగదురా, గాలి నలుగుద్ది. అది నలిగిందంటే కిందున్నోడి చెయ్యి పోయినట్టే" అనేవారు.

అందుకే జాకీలో ఆముదం పొయ్యడం ఆయన ఎవరికీ వదిలేవారు కాదు. తాటాకు ఈనె ఒకటి మూతిలోకి దించి, దాని వెంట జారేటట్టు సన్నంగా పోసేవారు. ధారగా పోస్తే చిక్కటి ఆముదం గాలిని కూడా లోపలికి లాక్కుపోతుంది, ఒక పట్టాన వదలదు. పోశాక మర కొద్దిగా వదులు చేసి, పిడి మెల్లగా కొట్టేవారు. మొదట నురగ వచ్చేది, తర్వాత బుడగలు, చివరికి తెగని దారంలా నూనె. అప్పుడు మర బిగించేవారు.

"పెళ్లికూతురికి తలంటుతున్నారేంటండీ?" అని మా తమ్ముడు వెక్కిరించేవాడు.

"పెళ్లి కావాల్సిన చెయ్యి నీదేరా వెధవా" అనేవారు ఆయన, తల ఎత్తకుండా.

ఒక ఏడు పని పూర్తి కాకముందే ఆనకట్ట దగ్గర నీళ్లు వదిలారు. ఓవర్‌సీరు గారే గుర్రం మీద వచ్చి చెప్పారు. "నీళ్లు దారిలో ఉన్నాయి మేస్త్రీ. ఈ మట్టికట్ట ఎంతసేపు ఆపుతుందో చెప్పలేను. మీరు పైకి వచ్చేస్తామంటే వచ్చేయండి." వచ్చేస్తే అరిగిన కుదురు మీదున్న తలుపు నీటి తోపుకు ఊడిపోతుంది. దిగువ ఊళ్ల నారుమళ్లకు ఆ ఏడు నీళ్లు ఉండవు. మేస్త్రి గారు కట్ట వైపు ఒకసారి చూసి జాకీ దగ్గరికి వెళ్లారు.

తలుపు లేచింది. మా తమ్ముడు బురదలో పక్కకు వాలి, భుజం దాకా చెయ్యి సందులోకి పోనిచ్చాడు. నేను తలుపు జారకుండా దాని కింద పెట్టే ఆపుచెక్కలు సర్దుతున్నాను. అవి ఇంకా బిగియలేదు. మేస్త్రి గారు మరి కాస్త ఎత్తుదామని పిడి నొక్కారు. అది మెత్తగా దిగి, ఆయన చేతిని వెనక్కి తన్నింది. నూనెలో గాలి ఉంది. నేను చూశాను. నేను చూడడం ఆయనా చూశారు.

కేక వేస్తే తమ్ముడు ఉలిక్కిపడి చెయ్యి లాగుతాడు. మోచెయ్యి తగిలితే చెక్కలు జారిపోతాయి. మేస్త్రి గారు పిడి వదలకుండా, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నారు.

"ఒరేయ్, చుట్ట ఆరిపోయింది. నీ రొంటిన అగ్గిపెట్టె ఉందిగా, ఇలా ఇయ్యి."

"ఇప్పుడేంటండీ చుట్ట? కుదురు చేతికి తగుల్తుంటే!"

"అదెక్కడికీ పోదులే."

"అన్నయ్యనడగండి."

"మీ అన్నయ్య దగ్గర ఏనాడన్నా అగ్గిపెట్టె చూశావేంట్రా?"

అగ్గిపెట్టె తమ్ముడు వాలిన పక్కన, నడుం కింద ఉంది. లేచి కూర్చుంటే గాని అందదు. మేస్త్రి గారికి ఆ సంగతి తెలుసు. "ఈ చుట్టే మిమ్మల్ని తినేత్తదండీ" అని గొణుగుతూ, వాడు నిదానంగా చెయ్యి బయటికి తీసుకున్నాడు. లేచి రొంటి తడుముకుంటుండగా తలుపు మూలిగి కిందికి దిగింది. ఒక చెక్క నలిగి పీచులైంది. అగ్గిపెట్టె అందించబోయిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

చుట్ట ఆయన చెవి మీదే ఉంది. పొద్దుటినుంచీ వెలిగించనేలేదు.

"ఇవాళ ఈనె వెయ్యలేదు" అన్నారు మేస్త్రి గారు. "నీళ్లొత్తన్నాయని ధారగా పోసేశాను. నేనే."

కట్ట అవతల నీటి చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. ఆయన జాకీ తీయించి, నూనె వంచేసి, ఈనె తెమ్మన్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఓవర్‌సీరు గారు గోతి వైపు ఒకసారి చూసి, కట్ట మీద ఇంకా మట్టి వేయించారు. నురగ వచ్చింది. బుడగలు వచ్చాయి. కట్ట అడుగున చెమ్మ నల్లగా పాకుతోంది. ఇంకో బుడగ వచ్చింది. ఆయన మర బిగించలేదు. నూనె దారంలా సాగాక బిగించారు.

ఈసారి పిడి తన్నలేదు. తమ్ముడు మళ్లీ వాలబోతే మెడ పట్టి ఆపి, తానే బురదలో పడుకుని సందులో చెయ్యి పెట్టారు. పాత కుదురు తీసి కొత్తది అమర్చి, తలుపు దించి మేము నిచ్చెన ఎక్కుతుంటే, కట్ట మీదుగా మొదటి నీళ్లు గోతిలోకి జారాయి.

ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. కొత్తగా చేరినవాళ్లు ఈనె ఎందుకని అడిగితే, "ఒకసారి వెయ్యలేదు గనక" అనేవారు. తమ్ముడి పెళ్లికి వచ్చి పందిట్లో ఓ మూల కూర్చున్నారు. వాడు తాళి కడుతుంటే ఆ చేతినే చూస్తూ "ఊఁ" అన్నారు.

లాకులో నీరు సమానమయ్యాక, తమ్ముడు రెండు చేతులూ దూలానికి ఆనించి తోశాడు. తలుపు చప్పుడు లేకుండా తిరిగింది. బియ్యం పడవ వెళ్లిపోయింది. తమ్ముడు చుట్ట మానేసి చాలా కాలమైంది. రొంటిలోంచి అగ్గిపెట్టె తీసి, చెమటకు మెత్తబడిన దాన్ని కాసేపు అరచేతిలో ఉంచుకుని, మళ్లీ అక్కడే దోపుకున్నాడు.