బట్టమేక గుడ్డు

నేను మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజుల్లో మాకు ప్రకృతి పాఠం చెప్పిన సారుకు ఒక అలవాటుండేది. మేం పాఠాలు చెప్పడం నేర్చుకునే బడిలోని పిల్లలను బయటికి తీసుకుపోయినప్పుడు ఏది చూపించాలన్నా ముందు తాను గొంతుక్కూర్చునేవారు. "పిల్లల ఎత్తుకు దిగితెనే వాళ్లకేం కనబడుతదో మనకెరుకైతది," అనేవారు మాతో.

ఆ ఏడు ఊరవతలి గడ్డి బీడులో బట్టమేక పిట్ట, నెమలంత ఉండే అరుదైన పక్షి, నేలమీదే ఒక్క గుడ్డు పెట్టింది. సారు మమ్మల్నీ పిల్లలనూ దూరంగా కూర్చోబెట్టి చూపించేవారు. పిల్ల ఎప్పుడు బయటికొస్తుందా అని అందరం ఎదురుచూశాం.

ఒక పొద్దున మేం పోయేసరికి జీపు చక్రాల జాడలు, నెత్తుటి ఈకలు కనిపించాయి. వేటకొచ్చినవాళ్లు తల్లిని కాల్చి పట్టుకుపోయారు. గుడ్డు చల్లబడిపోయింది.

"మా కోడి పొదుగుతాంది సార్. దాని కింద పెడుదం," అంది గొర్లు కాసేవాళ్ల పిల్ల ఒకతె. అది బతకదని సారుకు తెలుసు. అయినా కాదనలేక తన రుమాలులో చుట్టి ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని కడుపుకానించుకొని ఇంటిదాకా మెల్లగా నడిచింది.

కోడిగుడ్లన్నీ పిల్లలయ్యాయి. అది మాత్రం కాలేదు. ఆ పిల్ల గుడ్డును తిరిగి తెచ్చి, "నేను మంచిగ చూసుకోలేదా సార్?" అని అడిగింది.

"నువ్వు మంచిగనే చూసినవ్ బిడ్డా. పెద్దోళ్లమే చూసుకోలే," అన్నారు సారు. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని గుడ్డు అందుకున్నారు.

ఆ బీడులో మళ్లీ బట్టమేక దిగలేదు. పనిచేసిన ప్రతి బడిలో నేను పిల్లలకు దాని గురించి చెప్పాను. ఒక్కరికీ చూపించలేకపోయాను.