కింద పెట్టని కాలు

మొఘల్‌పురా మైదానంలో మా గల్లీ దోస్తు ఒకడు నాన్‌స్టాప్ సైకిల్ తొక్కినప్పుడు నేను పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆ రోజుల్లో పాతబస్తీలో అదొక వేడుక. మైదానం మధ్య ఒక గుంజ పాతి, దానికి మైకు కట్టి రికార్డులు వేసేవారు. తొక్కేవాడు దాని చుట్టూ రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉండాలి. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. కాలు నేలకు తగిలితే ఆట అయిపోయినట్టే. వాడు వారం తొక్కుతానన్నాడు. చివరి రోజు పొద్దున కునుకు పట్టి ఎడమకాలు ఆనించాడు. షామియానా కింద కూర్చున్న వాడి బాపు లేచి, భుజం మీది తువ్వాలు దులుపుకుని, కొడుకు వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత గల్లీలో ఎవరు ఎదురైనా "కాలు పైలం అన్నా" అని జాగ్రత్త చెప్తున్నట్టు ఆటపట్టించేవారు. వాడు నవ్వి వెల్డింగ్ దుకాణానికి పోయేవాడు. ఇంట్లో బాపు ఆ సంగతి ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడమే వాడికి కష్టంగా ఉండేది.

కాట్మండూ ప్రయాణం ఉస్తాద్ ఆలోచన. ఆయన మా గల్లీలో సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం నడిపేవాడు. పక్కనే బీదలకు ఊరికే మందులిచ్చే చిన్న దవాఖానా ఉండేది. అక్కడ ఎక్స్‌రే మిషను లేదు. నెలల తరబడి దగ్గేవాళ్లు మూసీ దాటి పెద్దాసుపత్రి వరుసల్లో నిలబడేవారు. ఊరూరా ఆగి ఆ మిషనుకు చందాలడుగుతూ సైకిళ్ల మీద నేపాల్ దాకా పోయొద్దామన్నాడు ఉస్తాద్. ఆయన, వాడు, సైదాబాద్ నుంచి అన్నదమ్ములిద్దరు, నేను. సామాను నా వంతు: స్పానర్లు, చైను లింకులు, ట్యూబులు, పంక్చర్ సొల్యూషన్, బ్రేకు రబ్బర్లు, గ్రీజు డబ్బా, టింక్చర్, దూది. దవాఖానా పేరు రాసిన బ్యానర్ గుడ్డ మాత్రం ఉస్తాద్ తన సైకిల్‌కే కట్టుకున్నాడు.

బయలుదేరే ముందు వాడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఘాట్ రోడ్డు మీద నేను కాలు కింద పెట్ట. ఎక్కేటప్పుడు పెట్ట, దిగేటప్పుడు పెట్ట. వచ్చినంక బాపుకు నువ్వే చెప్పాలె."

"నువ్వే చెప్పుకోవచ్చు కదా."

"నేను చెప్తే నమ్మడు. నువ్వు లెక్కల మనిషివి, నీకు అబద్ధం రాదు."

సరిహద్దు దాటాక చదును నేల అయిపోయి కొండలు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున్నుంచీ ఎక్కుడే. మేమంతా దిగి సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. వాడు ఒక్కడే సీటు మీంచి లేచి, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా మెలికలు తిరుగుతూ తొక్కాడు. మా నడక కంటే ఏమంత వేగం కాదు. అయినా కాలు కింద పెట్టలేదు. కొండ మీద టీ కొట్టు దగ్గర గుంజ పట్టుకుని, పెడళ్ల మీదే నిలబడి గ్లాసు అందుకున్నాడు. కొట్టావిడ నవ్వి ఏదో అంది. మాకు అర్థం కాలేదు. అన్నదమ్ముల్లో చిన్నవాడు, "నిన్ను జూసి కోతి అనుకుంటుందన్నా" అన్నాడు. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అప్పుడే.

టీ తాగుతుండగానే వాన మొదలైంది. అవతలి వైపు అంతా దిగుడు. మావన్నీ కడ్డీ బ్రేకుల సైకిళ్లు. నొక్కితే రబ్బరు ముక్కలు స్టీలు రిమ్మును పట్టుకుంటాయి. రిమ్ము తడిస్తే ఆ పట్టు ఉండదు. కొత్త రబ్బర్లు వేసినా ఉండదు. చార్మినార్ చుట్టుపక్కల తొక్కేవాడికి ఆ తేడా తెలియదు. అక్కడ వానొస్తే దుకాణం చూరు కింద ఆగుతాం. ఈ సంగతి నేను అందరికీ చెప్పాను.

"సబ్ ఉతర్కే చలో" అన్నాడు ఉస్తాద్. "అందరు దిగి సైకిల్ చేత్తో పట్టుకుని నడవాలె. లొల్లి వద్దు."

వాడు గుంజ వదల్లేదు. "మీరు నడువుర్రి. నేను మెల్లగ పోతా."

"మెల్లగా పోవడానికే బ్రేకు కావాలిరా" అన్నాను.

"నీ బ్రేకు లెక్కలు నాకు చెప్పకు. వారం దినాలు నిద్ర లేకుంట తొక్కిన."

"ఆఖరికి పెట్టినవ్ గదా" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు. ఎగతాళిగా కాదు, విసుగ్గా అన్నాడు. 

ఉస్తాద్ వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు. "బేటా, దిగు. గీడ నీ బాపు లేడు, గల్లీ లేదు. ఎవడు జూస్తుండు?"

వాడు నా వైపు చూశాడు. "ఈయన జూస్తుండు గద" అన్నాడు. హ్యాండిల్ మీంచి ఉస్తాద్ చేతిని మెల్లగా తీసేసి, గుంజను తోసి కదిలాడు.

మొదటి మలుపు దాకా బాగానే పోయాడు. వీపు నిటారుగా ఉంది, వేగం మాత్రం పెరుగుతోంది. మలుపు తిరిగాక కనిపించలేదు. మేం సైకిళ్లు పడేసి పరుగెత్తాం. వాన చప్పుడులో వేరే చప్పుడేదీ వినపడలేదు.

రెండో మలుపులో సైకిల్ రాతిగోడకు గుద్దుకుని మడిచిన గొడుగులా ఉంది. వాడు గోడకు అవతల, లోతుగా లేని చోటే పడి ఉన్నాడు. తల కింద రాయి. పైకి తెచ్చేటప్పటికి ఊపిరి ఉంది. బంగాళదుంపల లారీ ఒకటి ఆపి, బస్తాల మీద పడుకోబెట్టాం. ఉస్తాద్ వాడి తల ఒళ్లో పెట్టుకుని వాన పడకుండా తన చొక్కా పట్టాడు. కింద ఊరు రాకముందే చొక్కా దించేసి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. కప్పడానికి మా దగ్గర ఉన్నది దవాఖానా బ్యానరే.

లారీ ఎక్కించేటప్పుడే నేను వాడి ఎడమకాలి బూటు చూశాను. మడమ వైపు అడుగు అరిగి, మేజోడు చిరిగి, చర్మం దాకా పోయింది. మర్నాడు ఏటి ఒడ్డున దహనం అయ్యాక ఒక్కణ్ణే ఆ మలుపుకు తిరిగి వెళ్లాను. రోడ్డు అంచున కంకర మీద పొడుగ్గా మడమ ఈడ్చిన గీత ఉంది. మలుపుకు చాలా ముందే మొదలై గోడ దాకా వచ్చింది.

యాత్ర అక్కడితో ఆగింది. రైల్లో తిరిగొచ్చాం. దహనానికి ముందు తీసి ఉంచిన ఆ బూటు నా సంచిలో ఉంది. బాపుకు చూపించాలా వద్దా అని దారంతా ఆలోచించాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చాప మీద కూర్చోబెట్టి, నన్ను అడిగింది ఒక్కటే.

"కాలు పెట్టిండా?"

ఆయనకు ఏ జవాబు కావాలో నాకు తెలియలేదు. వాడు నన్ను ఎందుకు ఎంచుకున్నాడో మాత్రం గుర్తుంది.

"ఎక్కేటప్పుడు ఎక్కడా పెట్టలేదు. దిగేటప్పుడు పెట్టాడు" అన్నాను. బూటు తీసి ముందుంచాను.

ఆయన దాన్ని తిరగేసి, బ్రేకు లైనర్ అరుగుదల చూసినట్టు, అడుగు మీద బొటనవేలు పెట్టి మెల్లగా నడిపారు. చిరిగిన చోటికి రాగానే వేలు ఆగింది.

"మస్తు సేపు పెట్టిండు" అన్నారు.

తర్వాత బూటును ఒళ్లో పెట్టుకుని, "ఆడ మైదానంల కాలు పెట్టిననాడే వాన్ని నేను ఇంటికి తోల్కొచ్చుకోవాల్సింది" అన్నారు. అది నాతో అన్న మాట కాదు.